బొట్టు పెట్టిన స్లైడ్లు

సత్యనారాయణపేటలో పద్మనాభ ఫోటో స్టూడియో ఎక్కడని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. పీనుగుల పద్మనాభప్ప ఇల్లు యాడ అని అడిగితే మాత్రం చిన్న పిల్లలు కూడా దారి చూపిస్తారు.

ఆ పేరు ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. బతికుండగా ఫోటో తీయించుకుంటే ఆయుస్సు తరిగిపోతుందని జనం భయపడే కాలంలో ఆయన ఈ పని మొదలుపెట్టాడు. అందుకని మనిషి పోయినాకే కబురొచ్చేది. కెమెరా పెట్టె నెత్తిన పెట్టుకుని ఆయన పోయేసరికి పీనుగకు స్నానం చేయించి, తలపాగా చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టి ఉండేవాళ్ళు. ఫోటో తీసి, ఇంటికొచ్చి గాజు ప్లేటును మందులో కడిగినాక, మూసుకున్న ఆ రెప్పల మీద సన్నని పెన్సిల్‌తో కనుపాపలు దిద్దేవాడు. పటం కట్టించి ఇస్తే, "మా నాయన మమ్మల్నే చూస్తాండాడు" అని ఇంటివాళ్ళు ఇంకోసారి ఏడ్చేవాళ్ళు.

దొరల పటాలం దండు ఖాళీ చేసి పోయేటప్పుడు వేలంలో కొన్న కెమెరా అది. మంచి చెక్క, ఇత్తడి లెన్సు, ఎర్ర తోలు మడతలు. మీట నొక్కడాలు, టిక్కుమనడాలు ఏమీ లేవు. లెన్సు మూత తీసి, మనసులో "రామ, రామ, రామ" అని మూడుసార్లు అనుకుని, మూత పెట్టేయడమే. పద్మనాభ రోజూ గుడికి పోయేవాడు కాదు. ఆయన చేసిన రామజపమంతా ఆ మూత తీసి పెట్టే మధ్యనే.

ఇప్పుడా మూత తీసే పని కూడా ఆగిపోయింది. స్టేషను రోడ్డులో కరెంటు దీపాల స్టూడియో ఒకటి వచ్చింది. చైనా యుద్ధం తర్వాత బయటి దేశాల సరుకు రావడం కష్టమయింది. బొంబాయికి జాబు రాస్తే "స్టాకు లేదు" అని కార్డు వచ్చేది. ఇంట్లో మిగిలినవి తేదీ దాటిన మందు డబ్బాలు, అంచులు పసుపెక్కిన కాగితాలు, తన యాభై నాలుగేళ్ళ వయసు. భార్య నాగలక్ష్మమ్మ పోయి నాలుగేళ్ళవుతోంది. పిల్లలు లేరు.

ఎదురింటి సైకిల్ షాపు హులిగెప్ప రోజుకొకసారైనా వచ్చి పలకరించేవాడు.

"ఏమప్పా, ఈ పురానా మాలంతా యాల పెట్టుకోని కూర్చుండావు? పాత సామాన్ల గుజిరీకి ఏసేయరాదా?"

"నిన్ను కూడా కలిపి ఏస్తా. నువ్వేమన్నా కొత్త మాలా?" అనేవాడు పద్మనాభ.

హులిగెప్ప నవ్వి పోయేవాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ ఇంట్లో మాట పుట్టేది కాదు.

భాద్రపదంలో, పున్నమి దాటిన మూడో నాడు, ఒక ఆడమనిషి వాకిట్లోకి వచ్చి నిలబడింది. కాళ్ళకు నల్లరేగడి ఎండి అట్టకట్టి ఉంది. నడిచి వచ్చిందని తెలుస్తూనే ఉంది.

"అప్పా, నేను కప్పగల్లు యంకమ్మను. ఫోటో ఇస్తావేమోనని వచ్చినా."

"ఏ ఫోటో తల్లీ?"

"నా బిడ్డది. హొన్నూరమ్మది. నాలుగేండ్ల కింద దసరాకు ముందర తీస్తివి. మళ్ళా వస్తే చెడిపోయిందంటివి."

పద్మనాభకు గుర్తుకొచ్చింది. గుర్తుకు రాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. "అవునమ్మా, చెడిపోయింది. ప్లేట్లు లేవు గాని, బిడ్డను తోడుకోని రా, ఏదో ఒకటి చూస్తా" అన్నాడు.

"తోడుకోని వచ్చేదానికి బిడ్డ లేదప్పా. ఉగాది ముందర అమ్మవారు పోసి తీసుకోని పాయె."

చక్రానికి గాలి కొడుతున్న హులిగెప్ప పంపు ఆపేశాడు.

"ఆ చెడిపోయిందే ఇయ్యప్పా" అంది యంకమ్మ. "చెడిపోయినా నా బిడ్డే కదా. పెద్దల అమాస వస్తాండాది. మా వాళ్ళంతా పోయినోళ్ళకు ఆకేసి, కూడు వడ్డించి ఎడ పెడతారు. నేను ఎవరి ముందర పెట్టేది? ఉత్త గోడ ముందర పెట్టేదా?"

ఆమె లోపలికి తొంగి చూసింది.

"ఇంట్లో అమ్మయ్య లేదా? బిడ్డ కదుల్తాంటే ఆయమ్మే కదా పక్కన నిలబడి భుజం పట్టుకునింది. బొరుగులు కూడా పెట్టింది."

"పోయిందమ్మా. ఆ ఏడే, కార్తీకంలో."

యంకమ్మ అరుగు మీద మెల్లగా కూర్చుంది. పద్మనాభ గుండెల్లో ఏదో తటాలున లేచి కూర్చుంది. నాగలక్ష్మమ్మ పక్కన నిలబడిందా? ఔను, నిలబడింది. ఆ సంగతి తానెట్లా మరిచాడు?

"రేపు తెల్లారక ముందే రా యంకమ్మా. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు కడగాల. బొమ్మ వస్తుందని మాట ఇయ్యలేను" అన్నాడు.

ఆ ఫోటో చెడిపోలేదు. అసలు దాన్ని కడగనే లేదు. ఆ సంగతి చెప్పాలంటే బొట్ల సంగతి చెప్పాలి.

గాజు ప్లేటును వెలుతురు తగలకుండా ఒక పల్చని చెక్క గూట్లో పెట్టి కెమెరా వెనక దూరుస్తారు. ఆ గూటినే స్లైడు అంటారు. పద్మనాభ దగ్గర అట్లాంటివి ఆరు ఉన్నాయి. ఫోటో తీసిన స్లైడు ఏదో, తీయనిది ఏదో పైకి చూస్తే తెలియదు. మొదట్లో సుద్దముక్కతో గీత గీసుకునేవాడు. చెమట చేతికి అది చెరిగిపోయేది. పెళ్ళయిన కొత్తలో నాగలక్ష్మమ్మ ఆ అవస్థ చూసి, కుంకుమలో రెండు చుక్కలు ఆముదం కలిపి ఇచ్చింది. "దీన్ని పెట్టు, యాడికీ పోదు" అంది. అప్పటి నుంచి తీసిన ప్రతి స్లైడుకూ అగ్గిపుల్లతో ఒక చిన్న బొట్టు. ప్లేటు కడిగినాక స్లైడును కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే గాని ఆ బొట్టు వదిలేది కాదు.

ఆ ఏడు దసరాకు ముందర మూడు స్లైడ్లు తీసి ఉన్నాయి, మూడు తీయకుండా ఉన్నాయి. ఆయుధపూజ నాడు ఆయన తలంటుకుని వచ్చేసరికి నాగలక్ష్మమ్మ పూజకు అన్నీ సర్దేసింది. కెమెరాకు విభూతి, స్టాండుకు పూలు, తొట్లకు పసుపు. ఆరు స్లైడ్లకూ ఉంగరపు వేలితో ఇంతింత కుంకుమ బొట్లు.

"నీకేమన్నా బుద్ధుండాదా?" అని అరిచాడు పద్మనాభ. "అన్నిటికీ పెడితే ఏది తీసిందో నాకెట్లా తెలిసేది?"

"పండగ పూట మూడింటికి పెట్టి మూడింటిని బోసిగా వదిలేసేది ఎట్లా?" అంది ఆమె భయం భయంగా. "అది కాదు, తుడిస్తే..."

"నోరు మూసుకో. నువ్వు చెప్పేది నేను వినేది లేదు."

ఆమె నోరు మూసుకుంది. ఆయన ఆ ఆరింటినీ ఆమె పాత చీర ముక్కలో చుట్టి ట్రంకులో పడేశాడు. ఆమెకు బుద్ధి రావాలని, అన్నీ చెడిపోయాయని అందరికీ చెప్పాడు. ఒకటి తారానగర్ ముసలాయన పీనుగది. పీనుగలను ఎప్పుడూ రెండుసార్లు తీసేవాడు కాబట్టి ఆ ఇంటివాళ్ళకు రెండోది ఇచ్చాడు. ఇంకొకటి ఒక రైతు ఎద్దుల జత. అవి బతికే ఉన్నాయి గనక ఇంకో రెండు స్లైడ్లు అరువు తెచ్చి మళ్ళీ తీశాడు. మూడోది ఈ కూలిమనిషి బిడ్డది. ఇంకోరోజు కూలి మానుకుని ఆమె రాలేకపోయింది. అంతే.

నెల తిరక్కుండానే నాగలక్ష్మమ్మకు జ్వరం వచ్చింది. పది రోజుల్లో పోయింది. ఆమె ఏనాడూ కెమెరా ముందు కూర్చోలేదు. "పీనుగులను చూసిన కన్ను అది. దానికి నన్ను చూపించొద్దు" అనేది. పోయినాక తమ్ముళ్ళు, "ఊరందరికీ తీస్తివి, వదినకు తీయకుంటే ఎట్లా" అన్నారు. పద్మనాభ స్టాండు నిలబెట్టాడు. నల్లగుడ్డ కప్పుకున్నాడు. మూత మీద చెయ్యి పెట్టాడు. మూత తీయలేకపోయాడు. రామా అని కూడా అనలేకపోయాడు. ఆ ఇంట్లో గోడల మీద ఊళ్ళో వాళ్ళ ముఖాలు ఎన్నో ఉన్నాయి. ఆమె ముఖం లేదు.

ఆ సాయంత్రం ట్రంకు తెరిచాడు. నాలుగేళ్ళలో ఆమె చీర ముక్క నీరుకావి రంగు వెలిసిపోయింది. మడతల్లో కుంకుమ పొడి రాలి ఉంది. అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి ఒక్కొక్క స్లైడునూ దుమ్ము తుడిచాడు. పొడి కుంకుమ తువ్వాలుకు అంటుకుని పోయింది.

మూడు స్లైడ్లు ఏ గుర్తూ లేకుండా శుభ్రపడ్డాయి. మిగతా మూడింటి మీద, అగ్గిపుల్ల మొనంత, నూనె ఇంకిన చిన్న ఎర్రచుక్క అట్లాగే ఉంది.

పద్మనాభ ట్రంకు పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. ఆవిడ పెట్టింది పూజకుంకుమ, ఉత్త పొడి. కింద ఆయన పెట్టుకున్న నూనె బొట్టు చెక్కుచెదరలేదు. ఆ రోజు తువ్వాలుతో ఒక్కసారి ఇట్లా అని ఉంటే సరిపోయేది. "అది కాదు, తుడిస్తే..." అని ఆమె అన్నది ఇదే. మిగిలిన మాట చెప్పనిచ్చాడా?

దేవుడు మనిషికి నోరిచ్చాడు, చెవులిచ్చాడు. ఏది ఎప్పుడు మూసుకోవాలో తెలిసే బుద్ధిని మాత్రం ఇంత ఆలస్యంగా ఎందుకిస్తాడో!

తెల్లవారుజామున యంకమ్మ వచ్చింది. పద్మనాభ అప్పటికే స్నానం చేసి, దేవునికి దీపం పెట్టి, కొత్త కుండలో నీళ్ళు చల్లబరిచి ఉన్నాడు. బళ్ళారి ఎండకు నీళ్ళు కాస్త వేడెక్కినా ప్లేటు మీది పొర పాలమీగడలా జారిపోతుంది. పటిక కలిపిన నీళ్ళు ఒక తొట్టిలో, తేలిన బొమ్మను చెరగకుండా నిలిపే హైపో ఒక తొట్టిలో. బొమ్మను తేల్చే మందు మాత్రం చూస్తే భయమేసింది. పదేళ్ళ కిందటే తేదీ దాటిన డబ్బా. గీకి గీకి ఉన్నదంతా కలిపితే కాఫీ కషాయంలా వచ్చింది. పాత ప్లేటుకు పొగ కమ్మినట్టు మసక పడుతుంది. అది తగ్గడానికి చిటికెడు బ్రోమైడు ఎక్కువ వేశాడు. మళ్ళీ కలపడానికి మందు లేదు.

"నేను కూడా లోపలికి రావచ్చునా?" అంది యంకమ్మ గడప బయటే నిలబడి. "మీ దేవునిగది పక్కనే ఉండాది..."

ఇంకొకప్పుడైతే పద్మనాభ ఏమనేవాడో! "నీ బిడ్డ కోసం చేస్తాండేది, నువ్వు లేకుంటే ఎట్లా? రామ్మా" అన్నాడు.

చీకటిగది తలుపు మూసి, ఎర్ర గుడ్డ చుట్టిన లాంతరు ముందు మూడు స్లైడ్లు పెట్టాడు. "మొదటి ప్లేటుకే మందు బాగా పనిచేస్తుంది. పోను పోను బలం తగ్గుతుంది. ఏది కడిగేది నువ్వే చెప్పు."

యంకమ్మ చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, కళ్ళు మూసుకుని ఒకదాన్ని ముట్టుకుంది.

ప్లేటు మందులో పడింది. పద్మనాభ తొట్టిని మెల్లగా ఊపుతూ ఉన్నాడు. కొంతసేపటికి కుర్చీ తేలింది. తలపాగా తేలింది. మూసిన కళ్ళు తేలాయి. తారానగర్ ముసలాయన.

"కాదు" అన్నాడు పద్మనాభ.

"నా చెయ్యే మంచిది కాదప్పా" అంది ఆమె. "ఇంకోటి నువ్వే తీయి."

ఆయన తీసిందాంట్లో కొమ్ములు తేలాయి. మంచి పొగరుబోతు ఎద్దులు. ఇంకెప్పుడైనా అయితే మెచ్చుకునేవాడు. మందు అప్పటికే ముదురు నలుపుకు తిరిగింది.

మూడోది తొట్టిలో వేశాడు. వేస్తూ లోపల ఒక మాట అనుకున్నాడు. స్వామీ, ఆమె కాస్త ముందుకు వంగి ఉండేటట్టు చూడు. ముఖం ఒక్కటి పడి ఉండేటట్టు చూడు. అనుకున్నాక సిగ్గేసింది. పక్కన బిడ్డను పోగొట్టుకున్న తల్లి నిలబడి ఉంది. తాను అడిగేదేమో తన పెళ్ళాం ముఖం. ఒకే ప్లేటు కోసం ఇద్దరు రెండు రకాలుగా మొక్కుకుంటే దేవుడు ఎవరి మాట వింటాడు?

చాలాసేపు ఏమీ రాలేదు. ప్లేటంతా బూడిద రంగుకు తిరుగుతోంది. యంకమ్మ ఊపిరి వినిపిస్తోంది. పద్మనాభకు తెలియకుండానే పెదాలు కదిలాయి. "రామ, రామ, రామ." మూడుతో ఆగే జపం ఆ రోజు ఆగలేదు.

అప్పుడు మసకలోంచి గౌను తేలింది. రెండు కాళ్ళు తేలాయి. తల తేలింది, కొంచెం చెదిరి. మూత తీసి ఉన్నప్పుడు పిల్ల తల తిప్పినట్టుంది. భుజం మీద ఒక చెయ్యి. మోచేయి దాకా ఉంది. నాలుగు గాజులు, కొంచెం చీర అంచు. అంతే, ఆ పైన ప్లేటు అయిపోయింది.

ఆయన అంచును ఇంకాసేపు చూశాడు. అక్కడ గాజు తప్ప ఏమీ లేదు.

హైపోలో ముంచి, కడిగి, లాంతరుకు అడ్డంగా పట్టి చూపించాడు. యంకమ్మ చూసి తత్తరపడింది. "ఇదేందప్పా? ఎంటికలు తెల్లగా ఉండాయి! ముఖం నల్లగా ఉండాది! ఇది ముసిలిది కదా?"

"ప్లేటులో అంతా తిరగబడి ఉంటుందమ్మా. నల్లవి తెల్లగా..."

ఆమె వినలేదు. వేలు చాచి, తాకకుండా, ఆ తెల్లని జుట్టు మీదుగా గాలిలో నిమిరింది.

"ఉండనీలేప్పా. నా బిడ్డ ముసిలిదై నేను చూస్తాననుకోలేదు."

పద్మనాభ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అచ్చు వేయడానికి ఎండలో పెడితే బొమ్మ తేలే పాతకాలపు కాగితం ఉంది. కట్టలో అన్నీ మచ్చలు పడిపోయాయి. వెతికితే ఒక్కటి బాగుంది. ఇట్లాంటి ఫోటోల్లో పిల్లలను పట్టుకున్న చేతులను ప్లేటు మీద ఎర్రరంగు పూసి కనపడకుండా చేయడం ఆయన పద్ధతి. అలవాటు ప్రకారం రంగు కలిపి, కుంచె ముంచాడు. గాజుల దాకా తెచ్చి ఆపాడు. కుంచెను కడిగి పెట్టేశాడు. ఆ ఒక్క కాగితాన్నీ ప్లేటు కింద పెట్టి ఎండలోకి తీసుకుపోయాడు. దాన్ని తన దగ్గరే పెట్టుకోవచ్చుననే ఆలోచన రాలేదని చెప్పలేను. పటికబెల్లం చూసిన చీమలా వచ్చింది, కాసేపు తిరిగింది, పోయింది.

అమాసకు ముందు రోజు యంకమ్మ వచ్చి ఫోటో తీసుకుంది. పిల్ల ముఖం కొంచెం చెదిరే ఉంది. "పెన్సిల్‌తో కళ్ళు సరిగ్గా దిద్ది ఇస్తా, ఒక గంట కూర్చో" అన్నాడు పద్మనాభ.

"వద్దప్పా. ఇది ఎప్పుడు కుదురుగా ఉండింది? ఇట్లనే తల తిప్పేది. ఇదే నా బిడ్డ." తర్వాత ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, "అమ్మయ్య చెయ్యి కూడా ఉండాదే!" అంది. "మంచిదే అయ్యె. ఆడ కూడా పట్టుకునేదానికి ఒక మనిషి ఉంటాది."

చెంగులో చుట్టుకుని, ఎండ ఎక్కకముందే పోవాలని గబగబా వెళ్ళిపోయింది. పద్మనాభ ఆమె సందు తిరిగే దాకా చూసి లోపలికి వచ్చాడు. గాజు ప్లేటును కిటికీలో నిలబెట్టాడు. అందులో నాగలక్ష్మమ్మ చెయ్యి నల్లగా ఉంది, గాజులు తెల్లగా ఉన్నాయి. కాగితం ఎప్పుడైనా దొరికితే సరిగ్గా కనపడుతుంది. లేకుంటే ఇట్లాగే.

ఆయుధపూజ వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత పద్మనాభ కెమెరాను గూట్లోంచి దించి తుడిచాడు. విభూతి పెట్టాడు. ఆరు స్లైడ్లనూ వరసగా పేర్చి, ఉంగరపు వేలితో ఒక్కొక్కదానికీ ఇంతింత కుంకుమ బొట్టు పెట్టాడు. పూజ బొరుగులు ఇవ్వడానికి వచ్చిన హులిగెప్ప గడప దగ్గర నిలబడి చూశాడు.

"ఏమప్పా, అన్నిటికీ పెట్టేస్తివి? ఏది తీసిందో ఏది తీయనిదో ఎట్లా తెలుస్తాది?"

"తుడిస్తే తెలుస్తాది" అన్నాడు పద్మనాభ.

హులిగెప్ప బొరుగుల పొట్లం గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. పద్మనాభ ఒక్కడే కర్పూరం వెలిగించి, అది ఆరిపోయే దాకా అక్కడే నిలబడ్డాడు.